నిరుటి పళ్ళ రసం

నోర్‌బీ, యేవ్లే దగ్గర
ఆగస్టు మొదటివారం, 1986

చెల్లీ సోల్వే,

మీరు రైలెక్కాక ఇల్లు బోసిపోయిందని రాద్దామనుకున్నాను కానీ అది అబద్ధం. మీరు వదిలివెళ్ళిన తడి తువ్వాళ్ళు, ఇసుక, సగం తిన్న బిస్కెట్ పొట్లాలు చూస్తే ఇంకా ఇక్కడే ఉన్నట్టుంది. మరిది స్టూరే చెప్పు ఒకటి మంచం కింద దొరికింది. రెండో కాలికి ఏం తొడుక్కుని మాల్మో చేరాడో కనుక్కుని రాయి.

ఎండ ఇంకా తగ్గలేదు. రాస్ప్‌బెర్రీ పొదలు కాయ బరువుకి వంగి నేలని తాకుతున్నాయి. పొద్దున్నే బుట్టెడు కోసి, కుండలో వేసి చెక్క రోకలితో మెదిపాను. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, నిమ్మకాయలు పిండి, నేలమాళిగలో పెట్టాను. రేపు పీట తిరగేసి, నాలుగు కాళ్ళకీ గుడ్డ కట్టి వడకడతాను. నువ్వు లేవు కాబట్టి గుడ్డని పిండేవాళ్ళు లేరు. నీకు చిన్నప్పటినుంచీ ఓపిక తక్కువ. దానంతట అది బొట్టుబొట్టుగా దిగితేనే రసం తేటగా వస్తుంది, పిండితే మడ్డి దిగుతుందని అమ్మ ఎన్నిసార్లు మొత్తుకునేది!

మీ బావ ఎవెర్ట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీ చెల్లెలు మెట్ల మీద కూర్చుని రసం జగ్గు దించితే ఒట్టు. ఇంకో వారం ఉండుంటే మన బావి కూడా ఎండేది" అంటున్నాడు.

నిన్న పక్కింటి హెడ్విగ్ కాఫీకి వచ్చి, కాఫీ వద్దని రసమే రెండు గ్లాసులు తాగింది. ఏప్రిల్‌లో కురిసిన ఆ రష్యా వాన సంగతి ఎవరో ఎత్తితే, "ఆ చెర్నోబిల్ మబ్బుకి దారిలో ఇన్ని ఊళ్ళుండగా మన ఊరే దొరికిందా? కురిసింది, పోయింది. నా ఎనభయ్యేళ్ళ కడుపుని అదేం చేస్తుందే?" అంది. అందరం పడీపడీ నవ్వాం.

మీ పెట్టెలో సర్దిన సీసాలు పగలకుండా చేరాయా? ఒక పాలు రసానికి నాలుగు పాళ్ళు చల్లటి నీళ్ళు. ఎక్కువ పోసి పలచన చేయకు.

నీ అక్క
మార్టా

*

మాల్మో
ఆగస్టు చివర

అక్కా,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నేను నెల తప్పాను.

ఇక మాకు పిల్లల యోగం లేదని ఇద్దరం ఒప్పేసుకుని, ఆ మాట ఎత్తడమే మానేసి, ఒక కుక్కని తెచ్చుకుందామా అని మాట్లాడుకుంటున్న రోజుల్లో! ఆ మాట చెప్పగానే స్టూరే వంటింట్లో నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, ఏం చేయాలో తోచక, కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగాడు.

ఇక్కడితో ఉత్తరం ముగించగలిగితే ఎంత బాగుండేదో.

డాక్టరు లెక్క వేసి చెప్పాడు. మీ ఇంటికి వచ్చేటప్పటికే కడుపులో ఉందట. మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను మంచినీళ్ళు తాగలేదక్కా, నీ రసమే తాగాను. ఆ పొదల మీదే కదా ఆ వాన కురిసింది? ఆ మన్నులోకే కదా దిగింది? మా మాల్మోలో ఒక్క చుక్క పడలేదు. నేనే రైలెక్కి వెతుక్కుంటూ వచ్చి మరీ తాగాను.

డాక్టరు మంచివాడే. "ఆ మాత్రానికి బిడ్డకేమీ కాదమ్మా, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. అదే నోటితో, "ఉత్తరాది చెరువుల చేపలు మాత్రం కొన్నాళ్ళు మానేయండి" అన్నాడు. ఏమీ కాకపోతే చేపలేం పాపం చేశాయి?

సీసాలు బాల్కనీలో పెట్టాను. వంటింట్లోకి తేబుద్ధి కాలేదు, పారబోయడానికి చెయ్యి రాలేదు.

ఒక మాట రాస్తాను, కోప్పడకు. ఈ బిడ్డని ఉంచుకునే ధైర్యం నాకుందో లేదో తెలియడం లేదు. శరత్తు సగం దాకా చట్టం నాకు గడువిస్తుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసినదాన్ని ఇలా ఆలోచిస్తున్నానంటే నాకే ఒళ్ళు గగుర్పొడుస్తోంది. స్టూరేకి చెప్పలేదు. ఫోన్ చేయకు. మీ ఫోన్ బావ కుర్చీ పక్కన ఉంది, మా ఫోన్ స్టూరే చెవి పక్కన ఉంది.

సోల్వే

*

నోర్‌బీ
సెప్టెంబరు మొదట్లో

నా తల్లీ సోల్వే,

నీ ఉత్తరం మొదటి సగం చదివి ఏడ్చాను. రెండో సగం చదివి చేతిలో కప్పు బద్దలుకొట్టాను. కావాలని కాదు, జారింది. మీ బావ "ఎవరు పోయారు?" అని పరిగెత్తుకొచ్చాడు. "ఎవరూ పోలేదు, ఒకళ్ళు వస్తున్నారు" అన్నాను. అంతవరకే చెప్పాను.

ఇప్పుడు నాకు కోపంగా ఉంది, కాబట్టి తిడతాను, పడు. నేను నీకు విషం పోశానా? ఆ పొదల పళ్ళు తినే మనిద్దరం పెరిగాం. అమ్మ ఎనభై ఏళ్ళు బతికింది. డాక్టరు ఏమీ కాదంటే నమ్మవు, నువ్వు చదివే వారపత్రికలో ఎవడో రాస్తే నమ్ముతావు! ఆ పత్రికలవాళ్ళు పోయినేడాది కాఫీ తాగితే గుండె ఆగుతుందని రాశారు. ఊళ్ళో ఎన్ని గుండెలు ఆగాయి? హెడ్విగ్ తాగుతోంది, బావ తాగుతున్నాడు, పోస్టు తెచ్చే అమ్మాయికి గుమ్మంలోనే గ్లాసు అందిస్తున్నాను. ఆవుల్ని వేసవి మొదట్లో కొన్నాళ్ళు కొట్టంలోనే కట్టేయమన్నారు, మళ్ళీ వదలమన్నారు. ఇప్పుడవి హాయిగా మేస్తున్నాయి. రేడియేషన్ కొలిచే పెట్టె పట్టుకుని ఒకాయన వచ్చి అందరి పెరళ్ళూ చూసిపోయాడు, ఏమీ అనలేదు. ఈ ఏడు ఆపిల్ చెట్టు కూడా విరగకాసింది. హెడ్విగ్ మనవడు ఈత నేర్చుకున్నాడు. చర్చి కప్పు మళ్ళీ కారుతోంది.

గోరువెచ్చటి పాలు తాగు. అటుకుల జావ తిను. బరువులెత్తకు. ఆ వెధవ ఆలోచన మానుకో.

మార్టా

*

మాల్మో
సెప్టెంబరు, సోమవారం

అక్కా,

చర్చి కప్పు సంగతి నేనడగలేదు.

నువ్వు ఏదైనా దాచినప్పుడే ఇంత పొడుగు ఉత్తరం రాస్తావు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఇలాగే కోళ్ళ గురించి రెండు పేజీలు రాశావు. నేనొచ్చేసరికి నాన్న మాట పడిపోయింది.

పెట్టె తెచ్చినాయన మన పొదల దగ్గర పెట్టి చూశాడా, లేదా? చూస్తే ఆ పెట్టె ఏమంది? దీనికి ఒక్క ముక్కలో జవాబు రాయి.

ఆసుపత్రిలో అందుకు ఒక రోజు అడిగి తీసుకున్నాను. వచ్చే వారం శుక్రవారం. నర్సు గొంతు చాలా మెత్తగా ఉంది. "రేపే కాదు కదమ్మా, ఆలోచించుకోండి, ఎప్పుడైనా వద్దనొచ్చు" అంది. నేను తలూపాను, ఫోన్‌లో తలూపితే ఎవరికి కనిపిస్తుంది!

స్టూరే ఎక్కడినుంచో పాత ఉయ్యాల తొట్టె ఒకటి మోసుకొచ్చాడు. బాల్కనీలో కూర్చుని దాని పాత రంగు గీకుతున్నాడు. ఆ గరగర వింటూ నీకు రాస్తున్నాను. ఇందాక, "ఈ సీసాలు అడ్డంగా ఉన్నాయి, లోపల పెట్టనా?" అని అడిగాడు. వద్దని అరిచాను. పాపం, ఎందుకరిచానో అతనికి తెలియదు.

ఎవరూ నాకు నిజం చెప్పడం లేదనిపిస్తోంది. అందరూ నన్ను ఊరుకోబెడుతున్నారు. ఊరుకోబెట్టేకొద్దీ భయం పెరుగుతోంది.

సోల్వే

*

నోర్‌బీ
బుధవారం, అర్జెంటు తపాలా

సోల్వే,

పెట్టె అరిచింది. పొదల మొదట్లో పెట్టగానే టికటికమని అరిచింది. చూరు నీళ్ళు పడే చోట ఇంకా ఎక్కువగా అరిచింది. ఆయన ఏదో రాసుకుని, "కంగారేం లేదు" అని వెళ్ళిపోయాడు. అది జూన్‌లో.

ఇప్పుడు రెండో సంగతి. ఇది ఎవెర్ట్‌కి కూడా తెలియదు, నీ దగ్గరే ఉంచుకో. నువ్వు తాగినవి ఈ ఏటి పళ్ళు కావు.

ఆ పెట్టె అరిచిన రోజే ఈ ఏటి పళ్ళు ముట్టకూడదనుకున్నాను. కానీ చుట్టాలు వచ్చినప్పుడు, పెరట్లో పళ్ళు ఎర్రగా వేలాడుతుంటే, నిరుటి గడ్డకట్టిన పళ్ళు తీసి రసం పోయడమా? మన ఊళ్ళో అంతకంటే తలవంపులు ఇంకేమున్నాయో చెప్పు. హెడ్విగ్‌కి తెలిస్తే ఊరంతా టముకు వేస్తుంది. అందుకే నువ్వూ బావా కోసిన బుట్టలు తీసుకున్నట్టే తీసుకుని కొట్టం వెనక గోతిలో పోశాను. పెద్ద ఫ్రీజర్ అడుగున నిరుటి పళ్ళు సంచులకొద్దీ ఉన్నాయి. పొద్దున్నే మీరు లేవకముందే అవి తీసి కుండలో వేసేదాన్ని. రసం అంత ఎర్రగా, అంత తొందరగా ఎలా దిగిందనుకున్నావు? గడ్డకట్టి కరిగిన పండు ఇట్టే రసం వదులుతుంది. తాజా పండు అంత సులువుగా లొంగుతుందా?

మీ పెట్టెలో పెట్టిన సీసాలూ నిరుటివే.

ఇక నీ ఇష్టం. కానీ నా రసానికి భయపడి మాత్రం ఆ శుక్రవారం వెళ్ళకు. అంతే నేను కోరేది.

అక్క

*

మాల్మో
సెప్టెంబరు చివర

దొంగ అక్కా!

నీ ఉత్తరం తపాలా పెట్టె దగ్గరే చింపి, మెట్ల మీదే చదివి, అక్కడే కూర్చుని ఏడ్చాను. పై అంతస్తు ముసలాయన కుక్కతో దిగుతూ, "ఏమైనా చెడ్డ కబురా?" అన్నాడు. "మా అక్క చుట్టాలకి నిలవ పళ్ళ రసం పోసిందండీ" అన్నాను. ఆయన టోపీ తీసి సానుభూతి చూపించాడు.

శుక్రవారం వెళ్ళలేదు. ఆ నర్సుకి ఫోన్ చేసి వద్దన్నాను. "మంచిదమ్మా" అంది, అదే మెత్తటి గొంతుతో. తర్వాత స్టూరేకి అంతా చెప్పేశాను. గీకుతున్న తొట్టె పక్కన పెట్టి విన్నాడు. ఆఖరికి, "నాకు చెప్పుండాల్సింది" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఇంతగా పరువుకోసం పాకులాడే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు. నా ప్రాణం పోతుంటే కూడా హెడ్విగ్ ఏమనుకుంటుందోనని ఆలోచించావు! నీ పరువు చల్లగుండ, అదే నన్ను కాపాడింది.

సీసాలు లోపలికి తెచ్చాను. ఏం తిన్నా వాంతే అవుతోందక్కా. రొట్టె ఇమడదు, పాలు ఇమడవు, నీ అటుకుల జావ పేరెత్తితేనే తిప్పుతుంది. నీ రసం ఒక్కటే లోపల నిలుస్తోంది. పెద్దగ్లాసుతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఉన్నవి త్వరలో అయిపోతాయి. నిరుటి పళ్ళు ఇంకా సంచులకొద్దీ ఉన్నాయన్నావు కదా, చేసి పంపు. పచ్చళ్ళూ జాములూ వద్దు, అదొక్కటే.

నిరుటివే సుమా!

నీ సోల్వే

*

నోర్‌బీ
అక్టోబరు

సోల్వే,

ఉత్తరం అందింది. సంతోషం.

రసం పంపుతాను. కొంచెం ఆలస్యమవుతుంది, ఖాళీ సీసాలు లేవు. ఈలోగా ఉన్న సీసాల్ని... వద్దులే, వాటిని స్టూరేకి పొయ్యి. చాలారోజులు ఉంటే పులుస్తాయి. నువ్వు బజారులో నారింజలు తెచ్చి పిండుకుని తాగు. స్పెయిన్ నారింజలు మంచివట.

రంగులో, రుచిలో తేడా ఉంటే కంగారుపడకు. రాస్ప్‌బెర్రీలు అడుగంటాయి, వేరే పళ్ళు కలుపుతాను.

మార్టా

*

మాల్మో
జనవరి, 1987

అక్కా,

నీ పెట్టెలు రెండూ అందాయి. క్రిస్మస్‌కి రాలేదని కోప్పడకు, నడుము కదలడం లేదు. బిడ్డ బాగా తంతోంది. తన్నినప్పుడల్లా స్టూరే వచ్చి చెయ్యి పెడతాడు, పెట్టగానే ఆపేస్తుంది.

ఇన్నాళ్ళూ ఈ ఉత్తరం రాయకుండా ఉండటానికి ప్రయత్నించాను.

నువ్వు పంపిన రసం ఒక సీసాలో ఏలకుల వాసన. నువ్వు రసంలో ఏలకులు వేయవు. ఒకటి పంచదార పాకంలా ఉంది. ఇంకొకటి అడవి బ్లూబెర్రీలది, నువ్వేమో మోకాళ్ళ నొప్పులని అడవికి వెళ్ళడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. ఒక సీసా అడుగున వేలెడు మందాన మడ్డి దిగింది. ఎవరో గుడ్డని గట్టిగా పిండారు. ఆకాశం ఊడిపడినా నువ్వు గుడ్డ పిండవు.

ఇవి నీ చేతి రసాలు కావు. నీ ఫ్రీజర్‌లో నిరుటి పళ్ళు సంచులకొద్దీ ఉంటే, ఇంకెవరి రసమో నాకెందుకు పంపినట్టు? దీనికి నాకు ఒక్క జవాబే తోస్తోంది. అది తోచినప్పటినుంచీ నిద్ర లేదు.

జులైలో నేనేం తాగాను?

ఈసారి ఆవుల గురించి రాయకు.

సోల్వే

*

నోర్‌బీ
జనవరి చివర

సోల్వే,

మొన్న వేసవి పళ్ళే తాగావు. నువ్వు కోసినవే. గోతిలో ఏమీ పోయలేదు. మీ పెట్టెలో పెట్టిన సీసాలూ ఆ పళ్ళవే. నీ ఉత్తరం చదివి, శుక్రవారం అన్న మాట చూసి, నాకు చేతికి అందిన అబద్ధం ఆడాను.

నాకు జులైలో భయం లేదు, అది నిజం. పెట్టె అరిచినా పట్టించుకోలేదు. కంటికి కనబడదు, ముక్కుకి తగలదు, దానికేం భయపడతాం అనుకున్నాను. ఇప్పుడు రోజూ భయమే. అవే సీసాలు నువ్వు వాంతుల మధ్య రోజుకి రెండు గ్లాసులు తాగుతున్నావని రాసినప్పుడు నాకు ఎలా ఉండుంటుందో ఊహించుకో. స్టూరేకి పొయ్యమని రాశాను, అంతకంటే ఏమీ రాయలేకపోయాను. డాక్టరు ఏమీ కాదన్నాడు కదా, ఏమీ కాదన్నాడు కదా అని రోజంతా నాలో నేనే గొణుక్కుంటున్నాను. నిన్ను నమ్మమన్న మాటని నేనే నమ్మలేకపోతున్నాను.

కానీ తర్వాత పంపినవన్నీ వానకి ముందటి ఏటివే. అమ్మ మీద ఒట్టు. నా ఫ్రీజర్‌లో చేపలూ, రొట్టెలూ తప్ప ఏమీ లేవు. అందుకని ఇంటింటికీ వెళ్ళి అడిగాను. మొదట హెడ్విగ్. "నిరుటి పళ్ళా? మా ఇంట్లోనా? మేమేం దిక్కులేనివాళ్ళమనుకున్నావా?" అని తలుపు వేసినంత పని చేసింది. మిగతా ఇళ్ళలోనూ అదే పాట. అందరూ ఈ ఏటి రసమే తాగుతున్నారట, ఎవరికీ భయం లేదట.

మర్నాడు పొద్దున్నే హెడ్విగ్ పేపర్లో చుట్టిన సంచీ పట్టుకుని పెరటి దారిన వచ్చింది. "ఎవరికే?" అంది. చెప్పాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. జూన్‌లోనే నిరుటి పళ్ళన్నీ విడిగా తీసి, మనవలకి అవే పోస్తోందట. మన ముందు మాత్రం ఈ ఏటివి గటగటా తాగి చూపించేది. "నేనొక్కదాన్నే పిరికిదాన్ననుకున్నానే మార్టా" అంది. ఆమె తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చారు, అందరూ పెరటి దారినే. ఒకావిడ ఏలకులు వేసి చేసిన సీసా తెచ్చింది. ఒకావిడ కోడలికి తెలియకుండా తెచ్చింది. అందరి ఇళ్ళలోనూ పసిపిల్లలకని దాచిన నిరుటి పళ్ళే. పైకి ఊరంతా ధైర్యవంతులం.

వాళ్ళ పిల్లల వాటా అది. నీ బిడ్డకిచ్చారు. నన్ను నమ్మకపోయినా వాటిని పారబోయకు.

తిట్టు. నువ్వు తిట్టినా పడతాను, కానీ రాయి.

మార్టా

*

నోర్‌బీ
మార్చి

సోల్వే,

ఇది నాలుగో ఉత్తరం. ఫోన్ చేస్తే మరిది తీసి, "పడుకుంది, వదినా" అంటున్నాడు. ఏ వేళ చేసినా పడుకునే ఉంటావా? బాగున్నావని ఒక్క కార్డు ముక్క రాయి. సంతకం కూడా వద్దు.

మార్టా

*

మాల్మో
ఏప్రిల్, 1987

అక్కా,

పాప పుట్టిందని స్టూరే ఫోన్‌లో చెప్పాడు కదా. నువ్వు వినగానే ఫోన్ పెట్టేశావట. తర్వాత బావ ఫోన్ చేసి, "మీ అక్క కొట్టంలో ఆవులకి చెప్పుకుంటోంది" అన్నాడట. పేరు యోర్దిస్. ఒళ్ళంతా ఎర్రగా, గొంతు మాత్రం నీది. నర్సులు తూచారు, చూశారు, విన్నారు. అంతా బాగుందన్నారు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ బాగుందన్నారు. ఇప్పటికీ నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెడుతున్నాను. ఈ భయం రష్యా వానదో, తల్లులందరికీ ఉండేదో నాకు తెలియదు.

హెడ్విగ్‌కీ మిగతావాళ్ళకీ చెప్పు, వాళ్ళ సీసాలు ఒక్క చుక్క పారబోయలేదు. మడ్డిది కూడా తాగాను.

నీకు మాత్రం చలికాలమంతా జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానోనని భయపడి రాయలేదు. ఈ బిడ్డకి ఏమన్నా అయ్యుంటే నేను చచ్చేదాకా నీ మొహం చూసేదాన్ని కాదు. ఇది ఊరికే అనడం లేదు. నిన్న పాపకి పాలిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. సెప్టెంబరులో నువ్వు నిజం రాసుంటే, నేను శుక్రవారం వెళ్ళేదాన్ని. ఈ పిల్ల లేదు. అది తట్టగానే పాపని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఏడ్చింది.

అందుకని నిన్ను క్షమించాలో, నీకు దణ్ణం పెట్టాలో తెలియడం లేదు. రెండూ చేయను. ఇంకోసారి అలా చేయకు.

జులైలో వస్తాం. అప్పటికి పాప మెడ నిలుపుతుంది. నువ్వు ఎత్తుకో, ఆడించు, నీ ఇష్టం. పళ్ళు కోసే వేళకి పీట తిరగేసి గుడ్డ కడతావు, నాకు తెలుసు. మొదటి గ్లాసు నా చేతికిచ్చేముందు అడుగుతాను, ఈ పళ్ళు ఎక్కడివి, పెట్టె ఏమంది అని. నిజం చెప్పు. అది ఎంత చెడ్డదైనా సరే. భయపడే పని నేను చూసుకుంటాను, నా వంతు భయం కూడా నువ్వే పడకు.

సోల్వే